కుక్కరు మూత తెలిసినదానికి రేడియేటరు తెలీదా?

పొద్దున్నే వాకిలి ఊడ్చే అలవాటున్న వాళ్లకి నేల మీద ఏ కొత్త మరక పడినా ఇట్టే తెలిసిపోతుంది. పిల్లి పాలు ఒలకబోసిందా, కుళాయి కారిందా, చీమలు బారు కట్టాయా అన్నది ఒకరు చెప్పక్కర్లేదు. 2020 సంక్రాంతికి ముందు నేనూ అలాగే కనిపెట్టాను. మా జీపు నిలబెట్టే చోట, సరిగ్గా ముందు చక్రాల మధ్య, రూపాయి బిళ్లంత ఆకుపచ్చ మరక. తడిగుడ్డతో తుడిస్తే వేలికి జిడ్డుగా తగిలింది. మర్నాడు చూస్తే మళ్లీ అక్కడే.

"ఏవండీ, జీపు కింద ఏదో పచ్చగా కారుతోంది, ఓసారి చూడండి" అన్నాను మావారితో. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "ఏసీ నీళ్లులే. అందరి బండ్లకీ కారతాయి" అనేశారు.

ఈ చలికాలంలో ఏసీ ఎవరు వేశారు, వేసినా ఆ నీళ్లు పచ్చగా ఎందుకుంటాయి అని నోటిదాకా వచ్చింది. బండి సంగతి నాకెందుకులే అనుకున్నాను. మరక తుడిచేసి ముగ్గు గిన్నె అందుకున్నాను.

ఆ రోజు ఊరుకోవడం తర్వాత ఎంత పని చేసిందో మీతో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ఆరుగురం, ఒక జీపు

మాది రాజమండ్రి. పండగకి హైదరాబాదు నుంచి మా మరిదీ, తోడికోడలూ, వాళ్ల ఏడేళ్ల బాబూ వచ్చారు. మాకు పన్నెండేళ్ల అమ్మాయి. కనుమ వెళ్లాక మన్యం వెళ్లి ఒక రాత్రి గుడారంలో పడుకుని వద్దామని పిల్లలు గొడవ. మావారికి అంతకంటే సరదా. నాలుగు చక్రాలకీ శక్తి అందే పాత డీజిల్ జీపు ఒకటి 2018లో కొన్నారాయన. కొన్నప్పటి నుంచీ దాన్ని కొండ ఎక్కించాలని తహతహ.

గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరేసరికి మధ్యాహ్నమయింది. అక్కడ బొంగులో చికెన్ తిన్నాం. మారేడుమిల్లి దాటి కొంతదూరం వెళ్లాక తారు రోడ్డు వదిలి ఎర్రమట్టి బాట పట్టాం. పదిహేను కిలోమీటర్లు లోపలికి వెళితే ఒక కొండరెడ్ల గూడెం. మా మరిది స్నేహితుడు ఊరి పెద్దని ముందే అడిగి, జీడిమామిడి తోట పక్కన గుడారాలు వేసుకోవడానికి ఒప్పించి పెట్టాడు.

బాటంటే బాట కాదు. వానాకాలం నీళ్లు కోసేసిన గాళ్లు, బండరాళ్లు, మధ్యలో రెండు వాగులు. జీపు మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. వెనక పిల్లలు అంత్యాక్షరి. నేను ముందు సీట్లో కూర్చున్నాను కనుక ఎదురుగా ఉన్న మీటర్లు కనిపిస్తున్నాయి. వాటిలో ఒక ముల్లు సగం దాటి పైకి పాకుతోంది.

"ఆ ముల్లేమిటండీ, అలా పైకి పోతోంది?" అన్నాను.

"ఎక్కుడు కదా. ఇంజను వేడెక్కకుండా ఉంటుందా?"

సరే అనుకున్నాను. ఇది రెండోసారి ఊరుకోవడం.

ఇంకో పావుగంటకి లోపలికి ఒక వాసన వచ్చింది. బెల్లం పాకం అడుగంటినట్టు తియ్యగా, ఘాటుగా. "అక్కా, ఎవరో పాకం పడుతున్నారు" అంది మా తోడికోడలు. అడవిలో పాకం ఎవరు పడతారు? అంతలో బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి చిమ్మింది. మావారు జీపు ఆపారు. తారు రోడ్డు పదకొండు కిలోమీటర్లు వెనక, గూడెం నాలుగు కిలోమీటర్లు ముందు. సెల్ ఫోనులో ఒక్క గీత కూడా లేదు. టైము మూడున్నర.

ఆ మూత తియ్యకండి!

బానెట్ ఎత్తితే ఆవిరి గుప్పుమంది. మావారు జేబురుమాలు తీసి రేడియేటరు మూత మీద వేశారు. అది చూడగానే నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది.

ప్రెషర్ కుక్కరు వాడే ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కరు మూత బిగించి వెయిట్ పెడితే లోపల ఒత్తిడి పెరిగి, నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. పప్పు అంత తొందరగా ఉడకడం అందుకే. ఆ ఒత్తిడి దిగకుండా మూత లాగామా, పప్పు నెత్తికెక్కుతుంది. రేడియేటరూ ఇలాంటిదే. ఇంజను వేడిని నీళ్లు, కూలెంట్ మోసుకొచ్చి అక్కడ చల్లారుతుంటాయి. అవి మరిగిపోకుండా ఉండేందుకే మూత బిగించి ఒత్తిడిలో ఉంచుతారు. వేడి మీద ఆ మూత తెరిస్తే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై పైకి తంతాయి.

ఇదంతా అప్పుడు నాకు ఇంత వివరంగా తెలుసని చెప్పను. కానీ, "కుక్కరు వేడిగా ఉండగా మూత తియ్యం కదా" అన్న మాట మాత్రం మనసులో తట్టింది. "ఏవండీ, కాసేపు ఆగితే..." అన్నాను. "నీకు తెలీదు, నువ్వుండు" అన్నారాయన. నేను ఉన్నాను. అది మూడోసారి.

మూత ఇలా తిరిగిందో లేదో, మరిగే నీళ్లు, ఆవిరి కలిసి ఫౌంటెన్‌లా లేచాయి. మొహం పక్కకి తిప్పుకోబట్టి సరిపోయింది. కుడి అరచెయ్యి, ముంజెయ్యి కాలిపోయాయి. ఆయన పెట్టిన కేక ఇప్పటికీ చెవిలో ఉంది.

మా మరిది కంగారుగా టూత్‌పేస్టు కోసం సంచీ వెతుకుతున్నాడు. నేను వద్దన్నాను. మా స్కూల్లో ప్రథమ చికిత్స మీద ఒకసారి శిక్షణ ఇచ్చారు. టీచర్లమంతా నవ్వుకుంటూ విన్నా ఒక ముక్క గుర్తుండిపోయింది. కాలిన చోట పేస్టు, సిరా, వెన్న, పసుపు ఏదీ పూయకూడదు, పారే చల్లటి నీళ్ల కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. వంద అడుగుల కింద వాగుంది. ఆయన్ని నడిపించుకు వెళ్లి చెయ్యి నీళ్లలో పెట్టించాను. వాచీ, ఉంగరం అప్పుడే లాగేశాను. వాపు వచ్చాక అవి ఊడిరావు. టైము చూసి ఇరవై నిమిషాలు ఆగి, ఉతికిన నూలు పంచె చింపి వదులుగా కట్టాను. బొబ్బలు చిదపలేదు. జ్వరానికని తెచ్చుకున్న పారాసెటమాల్ ఒకటి వేశాను.

పైకి వచ్చేసరికి మా మరిది మంచినీళ్ల క్యాను మోసుకొచ్చి రేడియేటర్లో పోయబోతున్నాడు.

"ఆగవయ్యా! కాగిన గాజుగ్లాసులో చన్నీళ్లు పోస్తే ఏమవుతుంది? ఇంజను చల్లారనీ. పైగా అవి మనం తాగే నీళ్లు. దానికి వాగు నీళ్లు చాలు."

"సరే వదినా" అని దించేశాడు. ఆ ఒక్క మాటతో నాకు ధైర్యమొచ్చింది. నా మాట కూడా వినేవాళ్లున్నారన్న మాట!

ఆ రాత్రి

జనవరిలో అడవిలో అయిదున్నరకే చీకట్లు ముసురుతాయి. గూడెం దాకా నడుద్దామని మా మరిది అన్నాడు. నడవలేని మనిషి ఒకరు, చిన్నపిల్లవాడు ఒకడు. బాట తప్పితే వెతకడానికి కూడా ఎవరూ రారు. జీపు దగ్గరే ఉందామన్నాను. గుడారాలున్నాయి, బియ్యం ఉన్నాయి, నలభై లీటర్ల మంచినీళ్లున్నాయి. మేం వచ్చిందే అడవిలో పడుకోవడానికి కదా!

వాగు ఒడ్డున కాక, ఎత్తుగా ఉన్న చదును చూసి గుడారాలు వేశాం. మట్టి నేల శుభ్రం చేసి చిన్న మంట పెట్టాం. ఆవకాయ అన్నం కలిపి ముద్దలు పెడితే పిల్లలు గప్పుచుప్పున తిని పడుకున్నారు. వాళ్లకదంతా సరదాగానే ఉంది.

మావారికి నిద్ర లేదు. మంట దగ్గర కూర్చుని చెయ్యి పైకెత్తి పట్టుకున్నారు. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆయన్ని అనాలని లేదు. నా మీద నాకే కోపం. పచ్చ మరక చూసింది నేను. ముల్లు చూసింది నేను. మూత తియ్యకూడదని తట్టింది నాకు. మూడుసార్లు తెలిసి మూడుసార్లూ ఊరుకున్నాను. పాలు పొంగుతుంటే అలా ఊరుకుంటానా?

తెల్లారితే ఇంకో సమస్య ఉంది. జీపు బాగైనా నడిపేదెవరు? మా మరిదికి డ్రైవింగ్ రాదు, తోడికోడలికీ రాదు. నాకు 2009లో లైసెన్సు వచ్చింది. స్కూల్లో నేర్చుకున్నాను, నాలుగుసార్లు బ్యాంకు దాకా వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ పక్కన కూర్చున్న మావారి చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదే. అయిదోసారి నేనే వద్దనుకున్నాను. ఆ లైసెన్సు పర్సులో రేషన్ కార్డు జిరాక్సు పక్కన పదేళ్లుగా పడి ఉంది.

సైకిలు ట్యూబు వైద్యం

తెల్లవారుతూనే జీలుగు కల్లు దింపడానికి వెళుతున్న ఒకతను, అతని భార్య అటుగా వచ్చారు. "ఏటమ్మా, బండి ఆగిపోనాదా?" అని అడిగాడతను. చెయ్యి చూసి అయ్యో అన్నాడు.

ఇంజను రాత్రంతా చల్లారింది. వాగు నీళ్లు పోసి చూస్తే రేడియేటరు నుంచి ఇంజనుకి వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం మధ్యలో వేలెడు పొడుగు చీలిక. నీళ్లన్నీ అక్కడి నుంచే కారుతున్నాయి. చుట్టూ పచ్చటి పొర ఎండి అట్టకట్టింది. మా వాకిట్లోని రంగే! మా గ్యాస్ స్టవ్ గొట్టం పగుళ్లు వారితే నేను ఏజెన్సీ వాళ్ల కోసం ఎదురుచూడకుండా కనిపెడతాను. ఇదీ ఒక గొట్టమే.

"పాత సైకిలు ట్యూబు ఏమైనా దొరుకుతుందా అన్నా?" అని అడిగాను. అతను గూడెం వెళ్లి గంటన్నరలో తిరిగొచ్చాడు. తెచ్చిన ట్యూబుని కూరగాయల చాకుతో పొడుగు పట్టీలుగా కోశాం. గొట్టం మీద తడి లేకుండా తుడిచి, పట్టీ లాగిపెట్టి, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేలా చుట్టాం. నేను చుట్టింది వదులయిందని అతని భార్య నవ్వి, విప్పేసి తనే బిగించింది. ఆ ముడి ఇంజనీర్లు కూడా వెయ్యలేరు.

నా చున్నీ నాలుగు మడతలేసి వాగు నీళ్లు వడకట్టి రేడియేటరు నింపాం. మూత పూర్తిగా బిగించలేదు, మొదటి మెట్టు దాకా తిప్పి వదిలేశాం. లోపల ఒత్తిడి పెరగకపోతే చుట్టిన పట్టీ మీద బరువు పడదు. నీళ్లు తొందరగా మరుగుతాయి కనుక మధ్యమధ్య ఆగాలి, అంతే. ఇది చెప్పింది మావారే. పక్కన నిలబడి ఒక్కో సంగతీ చెబుతుంటే నేను చేశాను. బండి గురించి ఆయనకి తెలియక కాదు, కంగారు పడ్డారంతే.

వాళ్లిద్దరికీ డబ్బివ్వబోతే తీసుకోలేదు. బియ్యం, పప్పు మాత్రం ఇచ్చాం.

పదకొండు కిలోమీటర్లు, మూడు గంటలు

స్టీరింగు ముందు కూర్చుంటే కాళ్లు వణికాయి. క్లచ్ వదలడంలో రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి జీపు కదిలింది.

ఎక్కుడు కష్టం కాదు, దిగుడే భయం. బ్రేకు తొక్కి పట్టుకుంటే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని డ్రైవింగ్ స్కూలు మాస్టారు చెప్పింది గుర్తుంది. మొదటి గేరులో వదిలితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పక్క సీట్లో మావారు కాలితో నేలని తొక్కుతూ, "బ్రేకు, బ్రేకు" అన్నారు.

"గేరు ఆపుతోందండీ, చూడండి" అన్నాను. చూశారు. ఆ తర్వాత మాట్లాడలేదు.

నిటారు దిగుళ్లలో మిగతావాళ్లు దిగి నడిచారు. మా మరిది ముందు నడుస్తూ ఏ రాయి పక్కకి చక్రం పోవాలో చేత్తో చూపించాడు. మా అమ్మాయికి ఒకటే ఉద్యోగం, ముల్లు చూడడం. "అమ్మా, సగం దాటింది" అనగానే ఆపేదాన్ని. అరగంట చల్లారనిచ్చి, మందపాటి తువ్వాలు వేసి, మొహం దూరంగా పెట్టి, మూత మెల్లగా తిప్పి నీళ్లు పోసేవాళ్లం. అలా నాలుగుసార్లు ఆగాం. తారు రోడ్డు కనిపించినప్పుడు మా తోడికోడలు ఏడ్చేసింది. నేను ఏడవడానికి తీరిక లేక ఏడవలేదు.

మారేడుమిల్లి ఆస్పత్రిలో డాక్టరుగారు కట్టు విప్పి చూసి, "వెంటనే నీళ్లలో పెట్టడం మంచిదయింది" అన్నారు. చెయ్యి మానడానికి మూడు వారాలు పట్టింది. తాళం నా చేతిలో ఉంది కనుక మెకానిక్ నాతోనే చెప్పాడు. "ఇది నిన్నా మొన్నా చీలింది కాదమ్మా, చాన్నాళ్ల నుంచీ చెమ్మ కారుతోంది. ఇంట్లో కింద మరకలు చూళ్లేదా?"

నేను జవాబు చెప్పలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చాక మావారే అన్నారు. "నువ్వు చూపించావు. నేను చూడలేదు."

అంతే. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆయన నోట అంతకంటే పెద్ద మాట నేను వినలేదు.

మొదటి దూర ప్రయాణం ఒక ఇల్లాలిదే

తర్వాత నాకు తెలిసిన ఒక సంగతి మీకూ చెప్పాలి. కారు పుట్టిన తొలినాళ్లలో దాన్ని మొట్టమొదట దూర ప్రయాణానికి తీసుకెళ్లింది ఎవరనుకున్నారు? ఒక ఇల్లాలు! కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, జర్మనీలోని మన్‌హైమ్ నుంచి పుట్టిల్లున్న ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్లింది. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. దారిలో ఇంధనం అయిపోతే మందుల షాపులో కొంది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడితో తోలు కొట్టించింది. ఇంజను చల్లబరచడానికి దారి పొడుగునా నీళ్లు పోసుకుంటూ వెళ్లింది. నూట ముప్పై ఏళ్ల తర్వాత మారేడుమిల్లి అడవిలో మేం చేసిందీ అదే కదా! జడపిన్నుతో, పిన్నీసుతో, చీర చెంగుతో సంసారం నడిపే మనకి ఆమె పరాయిదనిపించదు.

బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

* బండి కింద నేల చూడండి. ఏసీ నీళ్లకి రంగుండదు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, నారింజ రంగుల్లో జిడ్డుగా ఉంటే కూలెంట్. నల్లగా, గోధుమరంగులో ఉంటే ఇంజను ఆయిల్ కావచ్చు. కూలెంట్ తియ్యగా ఉంటుంది కానీ విషం. పిల్లలు, కుక్కపిల్లలు ముట్టకుండా వెంటనే కడిగేయండి.

* ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడండి. రబ్బరు గొట్టాలు నొక్కి చూడండి. పగుళ్లున్నా, మరీ మెత్తబడినా మార్పించండి.

* వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టండి. ఇంజను వేడి కొంత అటు పోతుంది. అయినా తగ్గకపోతే ఆపేయండి. ఇంజను పూర్తిగా చల్లారే దాకా మూత జోలికి వెళ్లొద్దు.

* టైరు మార్చేటప్పుడు జాకీ ఎత్తకముందే నట్లు కాస్త వదులు చేయాలి. స్టెప్నీలో గాలి ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవాలి.

* వాగులో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకండి. లోపలికి నీళ్లు పోయి ఉంటే ఇంజను విరిగిపోతుంది. బండిని బయటికి లాగించండి.

* ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పటికి వస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్లండి. మ్యాపు ఫోనులో ముందే దించుకోండి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, ఇంకో కంపెనీ టవరు అందితే 112కి ఫోను కలవొచ్చు.

* తాగేనీళ్లు వేరు, బండి నీళ్లు వేరు. పాత సైకిలు ట్యూబు, స్క్రూడ్రైవరు, టార్చిలైటు, ఉతికిన నూలుగుడ్డ, మందులు తప్పనిసరి.

* అడవిలో అనుమతి లేకుండా గుడారం వేయకండి. స్థానికుల్ని అడిగి, వాళ్లు చూపిన చోటే వేసుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం పొద్దున్నే జీపు బానెట్ తెరిచేది నేనూ, మా అమ్మాయీ. దూరం వెళ్లేటప్పుడు సగం దారి మావారు, సగం దారి నేను నడుపుతాం. వాకిట్లో ఏ మరక కనిపించినా ఇప్పుడు తుడిచెయ్యను. ముందు ఆయన్ని పిలిచి చూపిస్తాను. ఆయన కూడా పేపరు పక్కన పెట్టి లేచి వస్తారు.

మీ వాకిట్లో కూడా బండి ఉండే ఉంటుంది. రేపు ఊడ్చేటప్పుడు ఒక్కసారి దాని కిందకి వంగి చూడండి. ఏదైనా కనిపిస్తే మాత్రం నాలా ఊరుకోకండి.